ఏటి అవతలి పెళ్ళిళ్ళు

2018 మే నెలలో ఒక సాయంత్రం మా సంఘం ఆఫీసుకి ఫోను వచ్చింది. కుప్పం పక్కన ఒక పల్లె నుంచి. మాట్లాడింది తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్న పిల్ల. ఎవరి ఫోనో అడిగి తీసుకున్నట్టుంది, గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. "అక్కా, రేపు నా పెండ్లికి పోతా ఉండారు. నాకొద్దు" అంది. "నా పెండ్లి చేస్తా ఉండారు" అనలేదు, "నా పెండ్లికి పోతా ఉండారు" అంది. ఆ పిల్ల ఎంత సరిగ్గా చెప్పిందో మర్నాడు గానీ మాకు అర్థం కాలేదు.

రాత్రికి రాత్రి తిరుపతి నుంచి ముగ్గురం బయల్దేరాం. తెల్లారి ఆ పల్లెలో దిగేసరికి ఇంటికి తాళం. పందిరి లేదు, గడపకి మామిడాకు లేదు. పక్కింటి అవ్వ వాకిలి చిమ్ముతూ మమ్మల్ని పైకీ కిందికీ చూసింది. "మీయట్లా వాళ్ళు వస్తారనే కోడి కూయక ముందే ఎల్లబారినారు లేమ్మా. ఈపాటికి ఏరు దాటేసుంటారు" అంది. ఆ మాటలో ఎగతాళి లేదు, జాలీ లేదు. బస్సు వెళ్ళిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఏరంటే పాలారు. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, మా చిత్తూరు జిల్లాలో 33 కిలోమీటర్లు పారి, తమిళనాడులోకి పోతుంది. పారి అనడం మర్యాదకే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఆ ఇసుక పక్కన బాటలో ఆటో చక్రాల జాడలు కనిపిస్తూనే ఉన్నాయి. అవతల తమిళనాడు. అక్కడి పల్లెల్లోనూ తెలుగే మాట్లాడతారు, ఇక్కడి ఇళ్ళలోనూ అరవం తెలుసు. ఆవు దూడని వెతుక్కుంటూ ఇవతలి నుంచి అవతలికి పోతుంది. సరిహద్దు అనేది ఆవుకి కనిపించదు. సంతకి పోయే మనిషికి కనిపించదు. అధికారికి మాత్రం కనిపిస్తుంది.

ఎందుకంటే, బాల్యవివాహాలు ఆపాల్సిన బాధ్యత ఉన్న అధికారికి అప్పుడే ఫోను చేశాం. పేరు, ఊరు, హోదా రాయను. ఆ ఒక్క మనిషితో నాకు పేచీ లేదు. "పెళ్ళి జరిగేది మన రాష్ట్రంలో కాదు కదమ్మా. మా చేతుల్లో ఏముంది?" అన్నాడు. సరే అని అవతలికి పోయి అక్కడి పోలీసు స్టేషన్ మెట్లెక్కాం. అక్కడ కూర్చున్నాయన మా మాటంతా ఓపిగ్గా విన్నాడు. విని, "పిల్ల ఆంధ్రా, పిల్ల అమ్మా నాయనా ఆంధ్రా. ఫిర్యాదు అక్కడే ఇయ్యండి" అన్నాడు. ఇద్దరూ మర్యాదస్తులే. ఒకాయన కుర్చీ కూడా చూపించాడు.

పదకొండు గంటలకి ఒక చిన్న గుడి మండపంలో ఆ పిల్లని చూశాం. మెడలో పసుపుతాడు. పక్కన ఆమె మేనమామ, ఇరవై ఏడేళ్ళవాడు. గుడి పుస్తకంలో పిల్ల వయసు పద్దెనిమిది అని రాసుంది. నిజం వయసు పద్నాలుగేళ్ళ తొమ్మిది నెలలు. ఆ పిల్ల మమ్మల్ని చూసింది, తల దించుకుంది. ఫోను చేసింది తనేనని అక్కడ ఎవరికీ తెలియకుండా ఉండటానికి తల దించుకుందని నా నమ్మకం. మేము అరిచాం. తల్లి మా కాళ్ళ మీద పడింది. మగవాళ్ళు మమ్మల్ని చుట్టుముట్టారు. మధ్యాహ్నానికి మేము వట్టి చేతులతో తిరుగుదారి పట్టాం.

ఆ రోజు బస్సులో కూర్చున్నప్పుడు నాకు యానాం గుర్తొచ్చింది.

తిరుపతి మనిషికి యానాంతో ఏం పని అని అడగొచ్చు. నా చదువు కాకినాడలో సాగింది. 1990లలో నా స్నేహితురాలి వాళ్ళింట్లో ఒక అమ్మమ్మ ఉండేది. ఆమె పెళ్ళి యానాంలో జరిగింది. "నాకు తొమ్మిదేళ్ళు. పెళ్ళికని చెప్పలేదు, విదేశానికి పోతున్నామని చెప్పారు" అని నవ్వేది. అక్షరాలా విదేశమే. కాకినాడకి పట్టుమని ముప్ఫై కిలోమీటర్లు లేని విదేశం! దారిలో నిద్రపోయిందట. లేపి కూర్చోబెట్టారట. తాళి కట్టేటప్పుడు మళ్ళీ నిద్రపోయిందట. ఇది ఇంటిల్లిపాదీ నవ్వుకునే కథగా చెప్పేది. ఆ నవ్వులో నేనూ కలిశాను. ఇరవయ్యేళ్ళ పిల్లని, నాకేం తెలుసు. ఆ అమ్మమ్మకి పద్నాలుగో ఏట మొదటి కాన్పు, పదిహేడుకి మూడోది అని, అందులో ఇద్దరు దక్కలేదని తరవాతెప్పుడో తెలిసింది. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆమె నవ్వలేదు.

యానాం గోదావరి ఒడ్డున, గౌతమి నుంచి కోరంగి పాయ విడిపోయే చోట, ముప్ఫై చదరపు కిలోమీటర్ల తునక. చుట్టూ బ్రిటిషు వాళ్ళ గోదావరి జిల్లా. మధ్యలో ఈ ఒక్క చుక్క ఫ్రెంచి వాళ్ళది. 1723లో మొదటిసారి దిగారు, నాలుగేళ్ళకి ఎత్తేశారు, 1731లో మళ్ళీ వచ్చారు. నడుమ కొన్నిసార్లు ఇంగ్లీషు వాళ్ళు లాక్కున్నా, మొత్తానికి 1954 దాకా అది పరదేశమే. ఇంజరం, నీలపల్లి మన దేశం. వాటిని ఆనుకుని ఉన్న యానాం ఫ్రాన్సు. పన్ను లేని సరుకు కోసం, దొంగసరుకు కోసం ఆ హద్దు దాటిన వాళ్ళ కథలు ఆ ఊళ్ళలో కొల్లలు. మనకి పనికొచ్చే కథ ఆడపిల్లలది. వాళ్ళూ ఒక రకం సరుకే కాబట్టి.

1929 సెప్టెంబరులో సిమ్లాలో శారదా చట్టం నెగ్గింది. అజ్మీరుకి చెందిన హరవిలాస్ శారదా పెట్టిన బిల్లు. ఆడపిల్లకి 14, మగపిల్లవాడికి 18 నిండకుండా పెళ్ళి చేయరాదన్నారు. ఆ చట్టం కోసం దేశమంతా స్త్రీలు సంతకాలు సేకరించారు, సభలు పెట్టారు. మద్రాసు శాసనమండలిలో ముత్తులక్ష్మీరెడ్డి గారు ఎంత పోరాడారో మనకి తెలుసు. అమలు తేదీ 1930 ఏప్రిల్ 1. ఆ ఆరు నెలల గడువు దేనికి ఉపయోగపడింది? ఈలోగా చేసేద్దామని ఉయ్యాలలోని పసికూనలకి కూడా దేశమంతటా ముడులు వేసేశారు. గడువు దాటాక ఏం చేయాలి? గోదావరి జిల్లాల వాళ్ళకి దేవుడు దగ్గర్లోనే దారి చూపించాడు. శారదా చట్టం బ్రిటిషు ఇండియాకే. యానాంలో చెల్లదు. పిల్లనీ, పురోహితుణ్ణీ, అరిటాకులనీ తీసుకుని ఫ్రాన్సు గడ్డ మీదికి పోతే చాలు.

అలా పోయారు. ఎంతమంది పోయారంటే యానాంకి కల్యాణపురం అనే పేరు పడింది. ఈ పేరుని ఇప్పటికీ కొందరు ముచ్చటగా చెబుతారు. ఊరి గొప్పల్లో ఒకటిగా చెప్పగా నా చెవులతో విన్నాను. పరమశివుడు పార్వతిని పెళ్ళాడిన ఊరు అన్నంత మురిపెంగా! నిజానికి అది చట్టానికి భయపడిన పెద్దమనుషులు పసిపిల్లల్ని చాటుగా తెచ్చి పని కానిచ్చుకుపోయిన చోటు. దానికి కల్యాణపురం అని పేరు పెట్టిన నోరు ఆడదాని నోరు అయి ఉండదు.

మనవాళ్ళ సంగతి అలా ఉంచి, ఫ్రెంచి దొరల సంగతి చూద్దాం. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని గోడల మీద రాసుకున్న జాతి. వాళ్ళ దేశంలో 1804 నాటి సివిల్ కోడ్ ఆడపిల్లకి పదిహేను, మగవాడికి పద్దెనిమిది నిండితే గాని పెళ్ళి చెల్లదంది. అంటే శారదా చట్టం కంటే ఒక ఏడాది ఎక్కువే, అదీ నూట పాతికేళ్ళ ముందే. మరి యానాంలో? 1819 నాటి ఉత్తర్వుతో, భారతీయుల వ్యవహారాలు వాళ్ళ వాళ్ళ కులాచారాల ప్రకారమే అని తేల్చేశారు. తమ పిల్లకి చట్టం, మన పిల్లకి ఆచారం. మన మగపెద్దలకి అంతకంటే కావలసిందేముంది? పరాయి పాలకుడు భూమి మీద, ఉప్పు మీద, వ్యాపారం మీద చేయి వేస్తే దేశభక్తి పొంగిన వాళ్ళు కూడా, ఆడపిల్లని వదిలేసి పక్కకి నిలబడ్డ పరాయి పాలకుణ్ణి మంచివాడనే అనుకున్నారు.

ఇంగ్లీషు వాళ్ళేమైనా మెరుగా? ఆ చట్టం చూడండి. నేరం రుజువైతే ఎక్కువలో ఎక్కువ నెల రోజుల సాధారణ జైలు, వెయ్యి రూపాయల లోపు జరిమానా. పోలీసులు తమంతట తాము కదలరు. ఎవరో ఒకరు కోర్టుకెక్కి ఫిర్యాదు చేయాలి. చేసినవాళ్ళు నూరు రూపాయల దాకా పూచీ రాసివ్వాలి. ఏడాది దాటితే ఫిర్యాదు చెల్లదు. ఇంత చేసినా పెళ్ళి మాత్రం చెల్లుతుంది! దొంగకి నెల రోజుల జైలు వేసి, దొంగిలించిన సొమ్ము వాడి దగ్గరే ఉంచినట్టు. 1938లో ఒక సవరణ తెచ్చి, బ్రిటిషు ప్రజ దేశంలో ఎక్కడ పెళ్ళి చేసినా ఈ చట్టం వర్తిస్తుందన్నారు. హద్దు దాటి పోయే దారి మూయాలనే. కాగితం మీద మూశారు. తొమ్మిదేళ్ళ పిల్ల తరఫున పరదేశంలో జరిగిన పెళ్ళికి సాక్ష్యం తెచ్చి, పూచీ రాసి, సొంత కులం మీద కోర్టుకెక్కేది ఎవరు?

ఇదంతా జరిగిన చోటు ఎలాంటిదో ఒకసారి తలుచుకోండి. అదే గోదావరికి ఎగువన రాజమండ్రిలో వీరేశలింగం గారు 1881లో మొదటి వితంతు వివాహం చేయించారు. ఆ పెళ్ళికూతుళ్ళంతా ఎవరు? ఆరేళ్ళకీ ఏడేళ్ళకీ తాళి పడి, కాపురమంటే ఏమిటో తెలియక ముందే బొట్టు చెరిపించుకున్న పిల్లలు. ఎగువన ఒకాయన ఆ పిల్లల బతుకులు అతుకు వేస్తుంటే, యాభై ఏళ్ళ తరవాత దిగువన అలాంటి పిల్లల్ని కొత్తగా తయారు చేసే రేవు తెరిచారు. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఎగువ కథ ఉంది. దిగువ కథ లేదు.

1954 జూన్ 13న యానాం విమోచన జరిగింది. దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో వలంటీర్లు ఊళ్ళోకి నడిచి జెండా ఎత్తారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం పడి, చట్టరీత్యా విలీనం పూర్తయ్యేసరికి 1962 ఆగస్టు 16. మన చట్టాలు చాలావరకు 1963లో గాని అక్కడ అమలుకి రాలేదు. పోనీ అప్పటికైనా పీడ విరగడైందా అంటే, ఒక చిన్న తోక మిగిలింది. నేటి బాల్యవివాహ నిషేధ చట్టం, 2006 నాటిది, మొదటి సెక్షనులోనే ఒక మినహాయింపు పెట్టుకుంది: పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని రెనాన్సాంట్లకి ఈ చట్టం వర్తించదట. 1881 నాటి ఫ్రెంచి ఉత్తర్వు కింద తమ కులాచారం వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి పోయిన వాళ్ళ సంతతి వాళ్ళు. తక్కువమందే. వాళ్ళలో బాల్యవివాహాలు జరుగుతున్నాయని నేననడం లేదు. ఫ్రెంచి వాడు పోయి ఇన్నేళ్ళయినా ఆడపిల్ల వయసు దగ్గరికి వచ్చేసరికి ఆ పాత హద్దురాయిని పీకడానికి మన పార్లమెంటుకి చేయి రాలేదని మాత్రం అంటున్నాను.

ఇక మా పాలారు దగ్గరికి వస్తాను.

యానాం రేవు దాటింది ఎక్కువగా అగ్రహారాల వాళ్ళు. పుష్పవతి కాకముందే కన్యాదానం చేయకపోతే నరకం అన్న శాస్త్రం వాళ్ళది. పాలారు దాటుతున్న వాళ్ళకి శాస్త్రం తెలియదు. వాళ్ళు దళితులు, వెనకబడిన కులాల వాళ్ళు, సెంటు భూమి లేని వాళ్ళు. కుప్పం స్టేషనులో తెల్లవారుజామున నిలబడి చూడండి, బెంగుళూరు రైలు కోసం ఎంతమంది టిఫిను డబ్బాలు పట్టుకుని నిలబడి ఉంటారో. తాపీ పనికి, ఇళ్ళల్లో పనికి పొద్దున పోయి రాత్రికి వస్తారు. కొందరు వారానికి వస్తారు. ఇంట్లో ఎదిగిన పిల్ల ఒక్కతే. బడి దూరం, బస్సు ఒకటే. దారిలో ఏదైనా జరిగితే పిల్లదే తప్పు అనే ఊరు. పైగా చదివే కొద్దీ కట్నం పెరుగుతుంది. పది చదివిన పిల్లకి ఇంటర్ చదివిన మొగుణ్ణి తేవాలి. సొంత తమ్ముడికి ఇస్తే కట్నం లేదు, భూమి ఉంటే చీలదు, పిల్ల కళ్ళెదుట ఉంటుంది. ఇది ఆ తల్లి లెక్క. ఆ తల్లి మా కాళ్ళ మీద పడ్డప్పుడు చెప్పింది ఈ లెక్కే. నేను ఆమెని సమర్థించను. ఆమె నోటితోనే ఆమెకి పద్నాలుగేళ్ళకి పెళ్ళయిందని చెప్పింది. ఆ బాధ ఏమిటో ఎరిగి ఉండీ కూతుర్ని పంపింది. కానీ నాలుగు తిట్లు తిట్టి ఆమె మీద కోపం తీర్చుకుని ఇంటికి పోదామంటే మనస్సాక్షి ఒప్పుకోదు. ఆ లెక్కలో ఉన్న అంకెలన్నీ ఆమె వేసినవి కావు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిది లోపే పెళ్ళయింది. దేశం మొత్తం మీద 23. చదువుల్లో ముందున్నాం, కంప్యూటర్లలో ముందున్నాం అనుకునే రాష్ట్రం!

దీనికి ప్రభుత్వాలు కనిపెట్టిన మందు ఏమిటంటే, వయసు పెంచడం. 1949లో పదిహేను చేశారు. 1978లో పద్దెనిమిది చేశారు. 2021 డిసెంబరులో ఇరవై ఒకటి చేస్తామని బిల్లు పెట్టారు. 2024లో లోక్‌సభ రద్దుతో అది కాలం చేసింది. మన స్నేహితురాళ్ళలో కూడా కొందరు ఆ బిల్లుకి సంతోషించారు. నేను సంతోషించలేదు. పద్నాలుగేళ్ళ పిల్లని పద్దెనిమిది అని రాసుకున్న ఆ గుడి పుస్తకం ఇరవై ఒకటి అని రాసుకోవడానికి వెనకాడుతుందా? అంకె మారుతుంది, సిరా అదే. ఇరవై ఏళ్ళకి ఇష్టపడి కులాంతరం చేసుకున్న ఆడపిల్ల మీద కేసు పెట్టడానికి మాత్రం తండ్రికి ఇంకో మూడేళ్ళు దొరుకుతాయి. తిరుమలలో దేవస్థానం వాళ్ళ కల్యాణ వేదిక దగ్గర వయసు ధ్రువపత్రం అడుగుతారు. అడుగుతారు కాబట్టే ఇలాంటి పెళ్ళి అక్కడికి రాదు. అడగని గుడికి పోతుంది. ఒక చోట అడిగి ఒక చోట అడగకపోతే అడిగిన చోట పరువు దక్కుతుందేమో గాని పిల్ల దక్కదు.

అసలు మాట, ఆ రోజు ఆ ఇద్దరు మర్యాదస్తులూ చెప్పింది తప్పు. తెలిసి చెప్పారో తెలియక చెప్పారో! 2006 చట్టం రాష్ట్రాల హద్దులని లెక్కచేయదు. భారత పౌరులు దేశం బయట ఉన్నా వర్తిస్తుందని అదే మొదటి సెక్షనులో రాసి ఉంది. యానాం లాంటి రేవు ఇంకెక్కడా తెరుచుకోకూడదనే అలా రాశారు. నేరం రుజువైతే రెండేళ్ళ కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. పోలీసులు వారెంటు లేకుండా కదలొచ్చు. పెళ్ళి జరగబోతోందని తెలిస్తే మేజిస్ట్రేటు ఆపమని ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆ ఉత్తర్వు దాటి చేస్తే ఆ పెళ్ళి పుట్టుకతోనే చెల్లదు. జరిగిపోయిన పెళ్ళిని రద్దు చేయమని పిల్ల అడగొచ్చు. ఏ కోర్టులో? పిల్ల ఉండే చోట, అవతలి వాడు ఉండే చోట, పెళ్ళి జరిగిన చోట, కాపురం చేసిన చోట, ఎక్కడైనా. ఏరు ఇవతలైనా సరే, అవతలైనా సరే. 2024 జూలై నుంచి అమలవుతున్న కొత్త నేర విచారణ చట్టం ప్రకారం ఏ పోలీసు స్టేషనైనా, నేరం తమ పరిధిలో జరిగినా జరగకపోయినా, ఫిర్యాదు రాసుకోవాలి. అదే ఏడు అక్టోబరులో సుప్రీంకోర్టు, ఈ ఒక్క పనే చూసే అధికారి ప్రతి జిల్లాకీ ఉండాలని చెప్పింది. పది పనుల మధ్య పదకొండో పనిగా కాదు.

కాబట్టి ఇకనుంచి "అది మా పరిధి కాదు" అనే మాట వినగానే కుర్చీలోంచి లేవకండి. ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. చిత్తూరు, కోలారు, కృష్ణగిరి, తిరుపత్తూరు, వేలూరు కలెక్టర్లకి ఇసుక లారీల గురించి, ఎర్రచందనం గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం వచ్చు. ఎర్రచందనం దుంగ హద్దు దాటితే రెండు రాష్ట్రాల పోలీసులు వెంటపడతారు. ఆడపిల్ల దాటితే ఎవరి పిల్ల అని వాదులాడుకుంటారు. దుంగకి ఉన్న విలువ పిల్లకి లేదా అని నేను ఒక సమావేశంలో అడిగితే నవ్వారు. నేను నవ్వించడానికి అడగలేదు.

అధికారుల్ని ఇంత అన్నాక మమ్మల్ని మేము అనుకోవాల్సింది కూడా ఉంది.

ఆ పిల్ల 2023 అక్టోబరులో మా ఆఫీసుకి వచ్చింది. చంకలో మూడేళ్ళ కొడుకు. ముంజేతి మీద కాలిన మచ్చ. మేనమామ అంటే చిన్నప్పుడు తిరునాళ్ళకి భుజాన ఎక్కించుకుని పోయినవాడే. తాగితే మొగుడు అవుతాడు. "అక్కా, ఆ పెండ్లి లేకుండా చెయ్యండి" అంది. మా లాయరు పుట్టినతేదీ అడిగింది. 2003 ఆగస్టు. లాయరు పెన్ను కింద పెట్టేసింది. చట్టం ప్రకారం పెళ్ళి రద్దు అడగాల్సింది పద్దెనిమిది నిండిన రెండేళ్ళ లోపు. అంటే ఇరవై నిండేలోపు. రెండు నెలలు దాటిపోయింది. రెండు నెలలు!

ఈ గడువు సంగతి ఆ పిల్లకి ఎవరు చెప్పాలి? ఆ రోజు పెళ్ళి ఆపలేకపోయామని ఏడ్చుకుంటూ వచ్చిన మేము, ఆ పెళ్ళిని ఐదేళ్ళ పాటు రద్దు చేయించుకునే హక్కు ఆమెకి ఉందని ఒక్కసారైనా పోయి చెప్పామా? లేదు. మా రిజిస్టరులో ఆ కేసు ఎదురుగా "పెళ్ళి జరిగిపోయింది" అని రాసి గీత గీశాం. తాళి పడితే అంతా అయిపోయిందని మేమూ నమ్మాం. పైకి ఎన్ని మాటలు చెప్పినా మా లోపల కూడా ఆ పసుపుతాడు అంత బలంగా ఉంది. ఇప్పుడు ఆమెకి మిగిలింది మామూలు విడాకుల దావా. చిన్నపిల్లగా ఉన్నప్పుడు జరిగింది నేరమే, భార్య అయినా పద్దెనిమిది లోపు అది అత్యాచారమేనని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కేసు పెడదామా అని అడిగాం. "వాడు జైలుకి పోతే మా అమ్మ నన్ను బతకనియ్యదు. వాడు మా అమ్మకు తమ్ముడు కదక్కా" అంది. మేనరికం గొప్పతనం ఇదన్నమాట. పుట్టింటికి పోతే అత్తిల్లు అదే.

మా సంఘం ఇప్పుడు ఒక పని మొదలుపెట్టింది. పాత రిజిస్టర్లన్నీ తీసి, "పెళ్ళి జరిగిపోయింది" అని గీత గీసిన ప్రతి పేరు దగ్గరా పుట్టినతేదీ, దాని పక్కన ఇరవై నిండే తేదీ రాస్తున్నాం. ఇంకా గడువున్న వాళ్ళ ఊళ్ళకి పోతున్నాం. మీ జిల్లాల్లో ఉన్న సంఘాలు కూడా ఈ పని చేయండి. పెద్ద ఖర్చేమీ లేదు, బస్సు చార్జీలు.

ఇక ఆ పిల్ల. దావా నడుస్తోంది, వాయిదాలు నడుస్తున్నాయి. 2025 మొదట్లో ఒకరోజు వచ్చి కువైట్ పోతానంది. కడప, రాయచోటి, రాజంపేట నుంచి ఇళ్ళల్లో పనికి కువైట్ పోయే ఆడవాళ్ళ సంగతి మనకి కొత్త కాదు. మా చిత్తూరు నుంచీ పోతారు. అక్కడ వాళ్ళు పడే పాట్లు, పాస్‌పోర్టు లాక్కోవడాలు, జీతం ఎగ్గొట్టడాలు, శవపెట్టెలు, అన్నీ తెలిసినదాన్నే. అయినా ఆమె అడిగింది నా అభిప్రాయం కాదు, దారి. దారి ఏమిటంటే, పదో తరగతి పాసు కాని వాళ్ళ పాస్‌పోర్టు మీద వలస తనిఖీ కావాలనే ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఉన్న ఆడమనిషి కువైట్ లాంటి దేశాలకి ఇంటి పనికి పోవాలంటే ముప్ఫై ఏళ్ళు నిండాలి. అంతకు ముందు ప్రభుత్వం పంపదు. రక్షణ కోసమట. ఆమె చదువు తొమ్మిదో తరగతి దగ్గర ఎందుకు ఆగిందో ఆ ప్రభుత్వానికి తెలియదా? పద్నాలుగేళ్ళప్పుడు ఆమెని మోసుకుపోతే ఏ చెక్‌పోస్టూ వయసు అడగలేదు. ఇరవై ఒక్క ఏళ్ళకి తన కాళ్ళ మీద తను పోతానంటే విమానాశ్రయంలో అడుగుతారు. మగవాడికి ఈ ముప్ఫై ఏళ్ళ నియమం లేదని వేరే చెప్పాలా?

"ముప్ఫై దాకా ఆగాల్సిందేనా అక్కా?" అంది. చట్టం అదేనన్నాను. ఆమె కాసేపు కొడుకు చొక్కా గుండీలు సరిచేస్తూ కూర్చుంది. తరవాత, తమ పల్లెకి ఒక ఏజెంటు వస్తున్నాడని చెప్పింది. లక్షన్నర ఇస్తే కాగితాలు వాడే తయారు చేస్తాడట. వయసు ముప్ఫై ఒకటి అని రాయిస్తాడట.

"ఆ పొద్దు గుళ్ళో నాలుగేండ్లు కలిపి రాసినారు కదక్కా, వీడు పదేండ్లు కలుపుతాడంట" అంది.